అటక మీది బుల్లి మడత కెమెరా: మీ ప్రశ్నలు, మా జవాబులు

పాత ఇళ్ళు విప్పుతున్నప్పుడు ట్రంకు పెట్టెల్లోంచి బయటపడిన బుల్లి మడత కెమెరాల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ ఒకే కెమెరా గురించి కావడంతో ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. జవాబులు చదివేలోగా అందరికీ ఒక్క మాట: పక్క పలక తెరవకండి. ఎందుకో మూడో జవాబులో ఉంది.

ప్రశ్న: మా ఇంటి అటక మీద నల్లటి రేకు కెమెరా దొరికింది. ముందు ‘వెస్ట్ పాకెట్ కొడాక్’ అని ఉంది. మా ఊళ్ళో ఒకాయన వెస్ట్ అంటే పడమర దేశాల సరుకని అంటున్నారు. నిజమేనా? ఏ సంవత్సరానిదో ఎలా తెలుస్తుందండీ? – ఒక పాఠకుడు, పాలకొల్లు

ఇక్కడ వెస్ట్ అంటే పడమర కాదండి. కోటు లోపల చేతుల్లేకుండా తొడుక్కునే వేస్ట్‌కోటుని అమెరికా వాళ్ళు ‘వెస్ట్’ అంటారు. గొలుసు గడియారం పెట్టుకునే ఆ చిన్న జేబులో పట్టే కెమెరా అని ఆ పేరు. మూసినప్పుడు దీని కొలతలు సుమారు 12 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, 2.5 సెం.మీ. మందం. మన చొక్కా జేబులోనూ పడుతుంది.

జేబు కెమెరా ఆలోచన దీంతో మొదలవలేదు. అమెరికాలో రోచెస్టర్ నగరానికి చెందిన జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో మొదటి కొడాక్ పెట్టె కెమెరాని, 1895లో పాకెట్ కొడాక్‌ని అమ్మకానికి తెచ్చారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకే తిత్తితో మడతపడే ఫోల్డింగ్ పాకెట్ కొడాక్ వచ్చింది. అయితే అది పట్టాలంటే పెద్ద కోటు జేబే ఉండాలి. 1912లో వచ్చిన వెస్ట్ పాకెట్‌తో ఆ ఇబ్బంది తీరింది. దానికోసమే 127 అనే సన్న ఫిల్ము చుట్ట తయారుచేశారు. ఒక చుట్టకి 8 బొమ్మలు, ఒక్కో బొమ్మ సుమారు 4 సెం.మీ. వెడల్పు, 6.5 సెం.మీ. పొడవు. అమెరికాలో ధర 6 డాలర్లు.

ఇంత పల్చగా ఎలా మడత పడుతుందో చూడాలంటే రెండు చేతుల వేళ్ళతో ముందు పలక రెండు చివరలూ పట్టుకుని సమానంగా ముందుకి లాగండి. లెన్స్ పలకకి రెండు పక్కలా బ్యాంకులకి వేసే మడత ఇనుప గేటులాగా అడ్డదిడ్డంగా కీలు వేసిన సన్న రేకు పుల్లలు విచ్చుకుంటాయి. మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి తోలు బెల్లోస్ తెరుచుకుంటుంది. పుల్లలు చివరిదాకా వచ్చి నిలబడాలి. ఒక పక్క మాత్రమే లాగితే పుల్ల వంగుతుంది, లెన్స్ పలక వాలుతుంది, బొమ్మలో ఒక అంచు మసకబారుతుంది. ఈ కెమెరాలకి కనపడే దెబ్బల్లో ఎక్కువ భాగం ఇలా తగిలినవే.

ఇక సంవత్సరం సంగతి. కెమెరా వెనక్కి తిప్పండి. ఫిల్ము కాగితం మీది అంకె చూసుకునే ఎర్ర అద్దం కిటికీ తప్ప ఏమీ లేకపోతే అది 1912–14 నాటి మొదటి రకం. ఎర్ర కిటికీతో పాటు చిన్న రేకు తలుపు, దాని పక్కన ఇనుప పుల్ల ఉంటే అది 1915 నుంచి 1926 దాకా చేసిన ఆటోగ్రాఫిక్ రకం. ముందు పలక తలుపులా కిందికి వాలి, దాని మీద లెన్స్ నిలబడితే అది 1920ల మధ్య నుంచి వచ్చిన తర్వాతి తరం. రంగురంగుల తోలు వేసి ఉంటే 1928లో ఆడవాళ్ళ కోసమని తెచ్చిన వ్యానిటీ కొడాక్ కావచ్చు. కెమెరా మీద చెక్కిన పేటెంట్ తేదీలని తయారైన తేదీలుగా చాలామంది పొరబడతారు. వాటిలో ఆఖరి తేదీ తర్వాతే ఆ కెమెరా తయారైందని మాత్రమే అర్థం.

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మా ముత్తాతగారు మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చారు. ఇంట్లో ఉన్న కెమెరాకి వెనక చిన్న తలుపు, పుల్ల ఉన్నాయి. ఆ పుల్ల దేనికి? దీన్ని ఆయన యుద్ధంలో వాడి ఉంటారా? – ఒక పాఠకురాలు

పుల్ల రాయడానికమ్మా. హెన్రీ గైస్‌మన్ అనే ఆయన కనిపెట్టిన ఆటోగ్రాఫిక్ పద్ధతి అది. దాని హక్కుల్ని ఈస్ట్‌మన్ 3 లక్షల డాలర్లకి కొన్నారు. 1914లో అది కొడాక్ కెమెరాల్లోకి వచ్చింది. మామూలు ఫిల్ము వెనక వెలుతురు చొరబడని మందపాటి కాగితం ఉంటుంది. ఆటోగ్రాఫిక్ ఫిల్ములో మాత్రం పల్చటి కాగితం వేసి, దానికీ ఫిల్ముకీ మధ్య కార్బన్ పొర పెట్టారు. బొమ్మ తీశాక తలుపు తెరిచి, పుల్లతో కాగితం మీద ఊరి పేరో తేదీయో గట్టిగా రాస్తే, నొక్కినచోట కార్బన్ చెదిరి అక్షరం మేరకి వెలుతురు లోపలికి పోతుంది. తలుపుని కొన్ని సెకన్లు ఆకాశం వైపు, ఎండ నేరుగా పడకుండా తెరిచి ఉంచి మూసేయాలి. కడిగాక రెండు బొమ్మల మధ్య ఖాళీలో ఆ రాత కనపడుతుంది. ఆ ఫిల్ము తయారీ 1932లో ఆగిపోయింది. ఇప్పటి ఫిల్ముకి ఈ తలుపుతో పనిలేదు, మూసి ఉంచండి.

యుద్ధం మాటకొస్తే, దీనికి ‘సోల్జర్స్ కొడాక్’ అనే పేరుంది. బ్రిటన్‌లో 1914లో సుమారు 5,500 అమ్ముడైతే మరుసటి ఏడు 28 వేలు దాటాయి. సైన్యం మాత్రం ఇష్టపడలేదు. ఫ్రాన్స్ రంగంలో ఉన్న సైనికులు సొంత కెమెరాలు ఉంచుకోకూడదని ఉత్తర్వులిచ్చింది. అయినా దాచిపెట్టుకుని తీసినవాళ్ళు తీశారు.

మీ ముత్తాతగారు అక్కడ వాడారా అన్నది కెమెరాని చూసి తేల్చలేం. లెక్క మాత్రం చూడొచ్చు. లండన్‌లో దాని ధర దాదాపు 30 షిల్లింగులు. అప్పటి మారకంలో రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీలు కాబట్టి అది ఇరవై రెండున్నర రూపాయలు. యుద్ధం మొదలైనప్పుడు సిపాయి జీతం నెలకి 11 రూపాయలు. రెండు నెలల జీతం ఒక కెమెరాకి పెట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. ఎవరి దగ్గరో పాతది కొనో, ఎవరైనా అధికారి ఇస్తేనో, తర్వాత ఎప్పుడో మన పక్క కొనో ఉండవచ్చు. కెమెరాతో పాటు నెగెటివ్‌లు ఉంటే బొమ్మల మధ్య రాత ఉందేమో వెలుతురుకి పెట్టి చూడండి. ఆయన చేతిరాతతో ఒక తేదీ దొరికిందా, కెమెరా కంటే అదే గొప్ప ఆధారం. ఆ నాటి నెగెటివ్‌లు నైట్రేట్ పొర మీద చేసినవి, ఇట్టే అంటుకుంటాయి. పసుపెక్కి, బంకబంకగా, ఘాటైన వాసన వేస్తుంటే పాడవడం మొదలైందని అర్థం. దీపారాధన గదిలోనూ, పొయ్యి పక్కనా పెట్టకండి. రేకు డబ్బాలో బిగించకుండా ఒక్కోదాన్నీ విడిగా కాగితపు కవరులో పెట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లటి గదిలో ఉంచండి.

ప్రశ్న: తాళంచెవిలాంటిది తిప్పుతుంటే లోపల ఏదో పట్టుకుని తిరుగుతోంది. ఫిల్ము ఉందేమోనని అనుమానం. తెరిచి చూడొచ్చా? – ఒక పాఠకుడు, అమలాపురం

తెరవొద్దండి, లోపల ఫిల్ము ఉంటే వెలుతురు తగిలి పాడైపోతుంది. ముందు గది తలుపులు దగ్గరికి వేసి, మసక వెలుతురులో ఎర్ర కిటికీలోకి చూడండి. లోపల కాగితం, దాని మీద అంకెలో చేతి బొమ్మలాంటి గుర్తో కనపడితే ఫిల్ము ఉన్నట్టే. వెంటనే కిటికీకి నల్ల టేపు వేయండి. ఉత్త నలుపు తప్ప ఏమీ లేకపోతే చుట్ట ఇరుసు ఖాళీగా తిరుగుతూ ఉండవచ్చు.

ఫిల్ము ఉంటే అది తిరిగే వైపే చాలా నెమ్మదిగా, కాగితం తోక పూర్తిగా చుట్టుకుని బరువు తగ్గేదాకా తిప్పాలి. వెనక్కి తిప్పితే చుట్ట వదులవుతుంది, అంచుల్లోంచి వెలుతురు దూరుతుంది. వందేళ్ళ ఫిల్ము పెళుసెక్కి ఉంటుంది. ఎండలు మండే రోహిణి కార్తెలో కంటే గాలిలో తేమ ఉన్న వానాకాలపు ఉదయం తిప్పితే విరిగే ప్రమాదం తక్కువ. కెమెరాకి మన తేమ మేలు చేసే సందర్భం ఇదొక్కటే. తర్వాత పూర్తి చీకటి గదిలోనో, ఫోటోగ్రాఫర్లు వాడే నల్ల సంచిలోనో పలక తీసి, చుట్టని బయటికి లాగి, రబ్బరు బ్యాండు వేసి, వెలుతురు పోని డబ్బాలో పెట్టాలి.

కడగడానికి రంగుల ల్యాబుకి ఇవ్వకండి, ఆ రసాయనాల్లో ఇది పోతుంది. బ్లాక్ అండ్ వైట్ తెలిసిన చేతికి ఇవ్వండి. పాత ఫిల్ము మీద మసక పొగలాంటి ‘ఫాగ్’ పేరుకుని ఉంటుంది. దాన్ని తక్కువగా పైకి తెచ్చే డెవలపర్ హెచ్‌సి-110. ఒక పాలు గాఢ ద్రావణానికి 31 పాళ్ళ నీళ్ళు కలిపి, పొగని అణిచే బెంజోట్రయజోల్ అనే రసాయనం కొద్దిగా చేర్చి వాడతారు. ఎక్కువసేపు ఉంచితే బొమ్మతో పాటు పొగా పెరుగుతుంది. అందుకే ముందు చివరి నుంచి రెండు అంగుళాల ముక్క కోసి పరీక్ష చేయడం మంచిది. నీళ్ళ వేడి చూసుకోండి. వేసవిలో మన పంపు నీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి, పాత జెలటిన్ ఆ వేడికి ఉబ్బి ఊడి వచ్చేస్తుంది. డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్ళు అన్నీ ఐసు తొట్టిలో పెట్టి 20 డిగ్రీలకి తెచ్చుకోవాలి. ఒకటి చల్లగా ఒకటి వేడిగా ఉంటే పొర ముడతలు పడి, బొమ్మంతా ఎండిన చెరువు నేలలా పగులుతుంది.

ఆశ మరీ పెంచుకోకండి. వేడి, తేమ కలిసిన చోట తీసిన బొమ్మ ఫిల్ములో ఎక్కువ ఏళ్ళు నిలవదు. అయినా కడగకుండా పారేయడం మాత్రం తప్పు.

ప్రశ్న: ఎవరెస్ట్ మీద తప్పిపోయిన మాలొరీ దగ్గర ఉన్నది ఈ కెమెరాయేనా? – ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

అవును. 1924 జూన్ 8న శిఖరం వైపు వెళ్ళి తిరిగిరాని మాలొరీ, ఇర్విన్‌ల దగ్గర, తోటి పర్వతారోహకుడు సోమర్‌వెల్ ఇచ్చిన వెస్ట్ పాకెట్ కొడాక్ ఉందని చెబుతారు. 1999 మేలో మాలొరీ దేహం దొరికింది గానీ కెమెరా దొరకలేదు. దొరికితే వాళ్ళు శిఖరం ఎక్కారో లేదో తెలుస్తుందన్న ఆశ ఎందుకంటే, ఆ గడ్డకట్టే పొడి చలిలో ఫిల్ములో పడిన బొమ్మ చాలా నెమ్మదిగా చెడుతుంది. అమలాపురం అటక మీద ఉన్నదానికీ దానికీ తేడా అదే.

ప్రశ్న: 1996 తుఫానులో మా పెట్టె తడిసింది. అప్పటి నుంచి కెమెరా షట్టరు పట్టేసింది, లెన్స్ మీద సాలెగూడులాంటి మచ్చ ఉంది, బెల్లోస్ బూజు పట్టింది. ఇంట్లోవాళ్ళు కొబ్బరినూనె చుక్క వేయమంటున్నారు. – ఒక పాఠకురాలు, రాజోలు

నూనె చుక్క కూడా వద్దమ్మా. కొబ్బరినూనే కాదు, కుట్టుమిషను నూనే కూడా వద్దు. ఈ షట్టరు పేరు బాల్ బేరింగ్ షట్టరు. కాగితమంత పల్చటి రేకు రెక్కలు ఒకదాని మీద ఒకటి జారుతూ తెరుచుకుని మూసుకుంటాయి. అవి పొడిగా ఉంటేనే జారతాయి. నూనె తగిలితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడితే సంగతి ఇక చెప్పనక్కర్లేదు. దీనికి ముందుగా బిగించే మీట లేదు, ఒకే నొక్కుకి లోపలి స్ప్రింగు బిగిసి వదులుతుంది. అందుకని పట్టేసినప్పుడు బలంగా నొక్కితే స్ప్రింగు విరుగుతుంది.

చేయాల్సింది: సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం, అంటే శుద్ధమైన నాఫ్తా కొనండి. బండి పెట్రోలు వద్దు, ఆరాక జిగురు మిగులుస్తుంది. దూదిపుల్లని తడిపి, బాగా పిండి, రెక్కల మీద తేలిగ్గా తుడవండి. అయిదు నిమిషాలు ఆరనిచ్చి ఒకసారి నొక్కండి. దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా మళ్ళీ మళ్ళీ చేయండి. నాఫ్తా ఆవిరి అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, వంటింటికి దూరంగా కూర్చోండి. తుఫాను నీటి ఒండ్రు లోపలికి పోయి ఉంటే పైపైన తుడిస్తే కుదరదు, ముందు పలక విప్పాల్సిందే. అప్పుడు స్క్రూ తీసిన ప్రతిసారీ ఫోటో తీసుకుంటూ విప్పండి.

లెన్స్ మీద సాలెగూడు ఫంగస్. షట్టరు ముల్లుని ‘టి’ మీద పెట్టి ఒకసారి నొక్కితే తెరుచుకుని అలాగే ఉంటుంది, రెండోసారి నొక్కితే మూసుకుంటుంది. తెరిచి ఉంచి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపి పిండిన దూదితో మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడవండి. ఇది రెండు గాజు ముక్కల్ని కెనడా బాల్సం అనే జిగురుతో అతికించిన లెన్స్. ద్రవం ఓడేలా పోస్తే అంచులోకి దిగి ఆ జిగురుని కరిగిస్తుంది. తుడిచాక మచ్చ పోయినా సన్నటి గీతలు మిగిలితే, ఫంగస్ వదిలిన ఆమ్లం గాజుని తినేసిందని అర్థం. ఫోటోకి పెద్ద నష్టం ఉండదు, సూర్యుడికి ఎదురుగా తీయకుంటే చాలు.

బెల్లోస్ బూజుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి, ఎండలో మాత్రం పెట్టకండి. రాత్రి దీపాలు ఆర్పి, తిత్తి పూర్తిగా లాగి, వెనక నుంచి టార్చి వెలుతురు పడేలా చేసి చూడండి. చిల్లులు ఎక్కువగా మడతల మూలల్లో చుక్కల్లా మెరుస్తాయి. వాటికి గుడ్డల మీద వేసే నల్ల ఫాబ్రిక్ పెయింటు సన్న కుంచెతో పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు విడిచి వేయండి. ఆఖరి పూత ఆరాక కాస్త టాల్కం పౌడరు అద్ది ఊదేయండి, లేకపోతే మూసినప్పుడు మడతలు అతుక్కుంటాయి. ఫెవికాల్ కలిపిన రంగు వేస్తారు కొందరు. మన ముసురు రోజుల్లో అది మెత్తబడుతుంది, అందుకే మేం చెప్పం. కరెంటు టేపు అసలు వద్దు. మందం వల్ల తిత్తి మడత పడదు, బలవంతంగా మూస్తే పుల్లలు వంగుతాయి.

ప్రశ్న: ఈ కెమెరాతో ఇప్పుడు ఫోటోలు తీయడం కుదురుతుందా? ఫిల్ము దొరక్కపోతే ఎలా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

కుదురుతుంది. కొడాక్ 127 ఫిల్ముని 1995లో ఆపేసింది. జపాన్ నుంచి రెరాపాన్ పేరుతో కొత్త 127 చుట్టలు వచ్చాయి, అలాంటివి ఆన్‌లైన్‌లో అప్పుడప్పుడు దొరుకుతాయి. దొరక్కపోతే దీనికంటే వెడల్పైన 120 రకం ఫిల్ముని కోసుకోవాలి. కెమెరాలో ఉన్న ఖాళీ ఇరుసుని పారేయకండి, అలాంటివి రెండు కావాలి.

120 వెడల్పు 61 మి.మీ. పైన, 127కి కావాల్సింది 46. ముందు పాడైపోయిన ఒక చుట్టతో పగటి వెలుతురులోనే అలవాటు చేసుకోండి, అసలు ఫిల్ముని చీకట్లోనే కోయాలి. ఫిల్ము జారే గాడి ఉన్న చెక్కకి ఒక అంచు నుంచి 46 మి.మీ. దూరంలో బ్లేడు బిగిస్తే, ఫిల్ముని లాగుతూ పోతే తిన్నగా తెగుతుంది. అర మి.మీ. ఎక్కువైనా ఇరుసు అంచుల మధ్య ఇరుక్కుంటుంది. వెనక కాగితాన్ని వెలుతురులోనే 46కి కోయండి. ఫిల్ము పొడవు 60 సెం.మీ. చాలు. 120 పొడవంతా ఉంచితే ఈ సన్న ఇరుసు మీద లావై కెమెరాలో దూరదు. కాగితం ఫిల్ముకి ముందు 30, వెనక 25 సెం.మీ. ఉంచండి.

120 కాగితం మీద అంకెలు మన కిటికీకి సరిపోవు. అందుకని ఫిల్ము మొదలయ్యే చోట ఒక గీత పెట్టుకుని, అక్కడి నుంచి 5, 12, 19, 26, 33, 40, 47, 54 సెం.మీ.ల దగ్గర కాగితం వెడల్పంతా తెల్ల పెన్సిల్‌తో గీతలు గీసి అంకెలు వేయండి. బొమ్మ 6.5, మధ్య అర సెంటీమీటరు ఖాళీ, మొత్తం 7 చొప్పున. ఇది కిటికీ బొమ్మకి మధ్యలో ఉన్నప్పటి లెక్క. మీ కెమెరాలో పక్కకి ఉంటే ఎంత పక్కకి ఉందో కొలిచి గీతలన్నీ అంత జరపండి. తర్వాత చీకట్లో ఫిల్ము మొదలుని కాగితానికి టేపుతో అంటించి బిగుతుగా చుట్టాలి. ఒక్క చివరే అంటించండి. రెండు చివరలూ అంటిస్తే ఫిల్ము మధ్యలో ఉబ్బుతుంది.

ఎక్కించడం ఈ కెమెరాకే ప్రత్యేకం. వెనక తలుపు ఉండదు. పొడుగు పక్కన ఉన్న పలక తీసి, కాగితం నాలుకని ఖాళీ ఇరుసు గాడిలో దూర్చి రెండు చుట్లు తిప్పండి. రెండు చుట్టల్నీ రెండు చేతులతో సమాంతరంగా, మధ్య కాగితం బిగుతుగా పట్టుకుని, ఆ సన్న సందులోకి ఒకేసారి కిందికి దించండి. కాగితం వదులుగా ఉంటే అంచు మడత పడి, రెండో బొమ్మ దగ్గర తాళంచెవి బిగుసుకుపోతుంది. నీడలో చేయండి.

ఎర్ర కిటికీ మీద నల్ల టేపు ముక్కని మూతలా పెట్టి, తిప్పేటప్పుడు మాత్రమే ఎత్తాలి. ఆ రోజుల ఫిల్ముకి ఎరుపు కనపడేది కాదు, అందుకే కిటికీ ఎర్రగా పెట్టారు. ఇప్పటి ఫిల్ముకి అన్ని రంగులూ కనపడతాయి. టేపు లేకపోతే ప్రతి బొమ్మ మధ్యలో గుండ్రటి మచ్చ వస్తుంది.

లెన్స్ కింద 1 నుంచి 4 దాకా అంకెలుంటాయి. అవి వెలుతురు దూరే రంధ్రం కొలతలు, సుమారు ఎఫ్ 11, 16, 22, 32; అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. షట్టరు వేగాలు 25, 50, అంటే సెకనులో 25వ వంతు, 50వ వంతు. ఐఎస్ఓ 100 (ఫిల్ముకి వెలుతురు పట్టే శక్తి కొలత) ఫిల్ముతో, గోదావరి గట్టు మీద మంచి ఎండలో 3వ అంకె, 50 వేగం. పల్చటి మబ్బుకి 2. కొబ్బరితోట నీడలో 1వ అంకె, 25 వేగం. పాత షట్టరు అంకె చెప్పినదానికంటే నిదానంగా ఆడుతుంది కాబట్టి, రెండిటి మధ్య సందేహం వస్తే పెద్ద అంకె పెట్టండి. లెన్స్ ముందుకీ వెనక్కీ జరగదు. 1వ అంకె పెట్టినప్పుడు మనిషిని పదిహేను అడుగుల దూరాన, 3 పెట్టినప్పుడు తొమ్మిది అడుగుల దూరాన నిలబెట్టండి. అంతకంటే దగ్గరైతే ముఖం మసకే. ఆ మసక కోసమే జపాన్‌లో కొందరు లెన్స్ ముందున్న రింగు తీసేసి తీస్తారు, వెలుగు చుట్టూ మెత్తగా పరుచుకుంటుంది. మొదటి చుట్టకి మీరు ఆ పని చేయకండి. ముందు కెమెరా ఎలా తీస్తుందో తెలియాలి.

కడిగేటప్పుడు పాటర్సన్ రీలుని (కడిగే డబ్బాలో ఫిల్ము చుట్టిపెట్టే ప్లాస్టిక్ చట్రం) 127 కొలతకి జరుపుకోవచ్చు. దానికి 370 మి.లీ. ద్రావణం సరిపోతుంది.

ప్రశ్న: అమ్మితే ఎంతొస్తుంది? – ఒక పాఠకుడు, నరసాపురం

వందేళ్ళదని లక్షలు రావండి. 1912 నుంచి 1926 దాకా ఇవి సుమారు 20 లక్షలు అమ్ముడయ్యాయి, ప్రపంచమంతటా దొరుకుతాయి. తోలు సంచి, పుల్ల, కాగితాలు అన్నీ ఉండి, బెల్లోస్ బాగుంటే సేకరించేవాళ్ళు మంచి ధర పెడతారు. మెరుగు కోసం బ్రాసో పెట్టి తోమితే ధర పడిపోతుంది.

ఉంచుకునే ఉద్దేశముంటే బియ్యం డబ్బాలో పెట్టకండి. బియ్యంలోనే ఎంతో కొంత తేమ ఉంటుంది, పైగా తవుడు, పురుగు లోపలికి చేరతాయి. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో, గుడ్డమూటలో 50 గ్రాముల నీలం సిలికా జెల్ వేసి పెట్టండి. అది గులాబీ రంగుకి తిరిగితే బాణలిలో సన్న సెగ మీద మళ్ళీ నీలం వచ్చేదాకా వేయించి చల్లార్చి వేయాలి. వానాకాలంలో నెలకోసారైనా చూడాల్సి వస్తుంది. డబ్బాలో చిన్న తేమ మీటరు పెడితే 45 నుంచి 50 శాతం చూపించాలి. 40 కంటే దిగితే తోలు పగులుతుంది, సగం జెల్ తీసేయండి.